అపార్ట్‌మెంట్లలో నీటి లెక్క



నీటి పొదుపు అనగానే మీకు గోడ మీద రాసిన నినాదమో, కారుతున్న కుళాయి బొమ్మో గుర్తుకు వస్తుంది. ఈ రోజు నినాదాల జోలికి వెళ్లను. కూడికలు, తీసివేతలు, కొంచెం భౌతికశాస్త్రం, వీటితో సరిపెట్టుకుందాం. మీలో చాలామంది అపార్ట్‌మెంట్లలో ఉంటారు. లేదా చదువు కోసం, ఉద్యోగం కోసం రేపు అక్కడికే వెళ్తారు. అక్కడ నీరు ఒక ఇంటి వ్యవహారం కాదు. సంప్ ఒకటే, మోటారు ఒకటే, బిల్లు ఒకటే. వాడేవాళ్లు మాత్రం నలభై ఇళ్లవాళ్లు.

నేను హైదరాబాదులో అలాంటి ఒక సముదాయంలో ఉంటాను. ఐదు అంతస్తులు, రెండు బ్లాకులు, నలభై ఫ్లాట్లు. పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి లెక్కలు బాగా వస్తాయని నన్ను ఒక సంవత్సరం కార్యదర్శిని చేశారు. ఆ ఏడాది వేసవిలో బోరు ఎండిపోయింది. ట్యాంకర్లు తెప్పించాం, మెయింటెనెన్స్ పెంచాం. సర్వసభ్య సమావేశంలో ఇక గొడవే.

మొదటి అంతస్తులో ఉండే ఒక పెద్దాయన లేచి, "మాస్టారూ, మేం ముసలివాళ్లం ఇద్దరం. ఆరుగురున్న ఇంటికీ మాకూ ఒకటే బిల్లా?" అన్నారు. ఆ ఆరుగురున్న ఇంటావిడ కూడా ఊరుకోలేదు. "మా అత్తగారు రెండేళ్లుగా మంచం మీద ఉన్నారండీ. రోజూ దుప్పట్లు ఉతకాలి. అవి విలాసం నీళ్లా?" అని అడిగింది. ఇద్దరి మాటా నిజమే. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఏ ఇంట్లో ఎన్ని నీళ్లు ఖర్చవుతున్నాయో మాలో ఎవరికీ తెలియదు. అసలు మొత్తం మీద ఎన్ని ఖర్చవుతున్నాయో కూడా తెలియదు. ఎన్ని ట్యాంకర్లు వచ్చాయన్న లెక్క ఒక్కటే ఉంది.

సమానంగా పంచుకునే బిల్లులో ఒక చిత్రం ఉంది, గమనించండి. నేను జాగ్రత్తపడి ఈ నెల వంద రూపాయల నీరు ఆదా చేశాననుకోండి. ఆ వంద రూపాయలూ నలభై ఇళ్లకు పంపిణీ అవుతాయి. నా బిల్లులో తగ్గేది రెండున్నర రూపాయలు. అదే నేను వంద రూపాయల నీరు వృథా చేస్తే నా మీద పడే భారం కూడా రెండున్నర రూపాయలే. మిగిలిన తొంభై ఏడున్నర రూపాయలు ఇరుగుపొరుగు కడతారు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. లెక్కే అలా ఉంది. అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో ఉమ్మడి వనరుల విషాదం గురించి రాసినప్పుడు చెప్పింది ఇలాంటి లెక్కనే. ఆయన పచ్చిక బయలునూ పశువులనూ ఉదాహరణగా తీసుకున్నాడు. మనకు సంప్ ఉంది.

ఒక మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? భూగర్భ మురుగునీటి వ్యవస్థ ఉన్న నగరాలకు మన దేశంలో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పే ప్రమాణం తలకు 135 లీటర్లు. అందులో సుమారు 45 లీటర్లు మరుగుదొడ్డి ఫ్లష్‌కే పోతాయి. నలభై ఇళ్లు, ఇంటికి నలుగురు చొప్పున 160 మంది. 160ని 135తో గుణిస్తే రోజుకు 21,600 లీటర్లు. తలసరి వాడకం 200 లీటర్లకు చేరిందంటే అది 32,000 అవుతుంది. తేడా 10,400 లీటర్లు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు రెండు.

ఈ తేడా విలువను సగటు ధరతో లెక్కగట్టకూడదు. అపార్ట్‌మెంటుకు మొదట వచ్చేది జలమండలి నీరు. అది చవక. హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం అమలులోకి వచ్చింది. అపార్ట్‌మెంట్లకు దానికి షరతు పనిచేసే మీటరు ఉండటం. ఆ తరువాత బోరు నీరు. దానికి కరెంటు ఖర్చు. ఈ రెండూ చాలనప్పుడు ట్యాంకరు. అన్నింటికన్నా ఖరీదైన నీరు అన్నింటికన్నా చివర వస్తుంది. కాబట్టి మనం ఆదా చేసే లీటరు ఎప్పుడూ ట్యాంకరు లీటరే. అర్థశాస్త్రం చదివే విద్యార్థులు దీన్నే ఉపాంత వ్యయం అని చదువుతారు. మా సంఘంలో ఆ మాట వాడితే ఎవరూ వినరు గాని, "చివరి ట్యాంకరు మానేద్దాం" అంటే అందరికీ అర్థమైంది.

చవక నీరు అన్నాను గాని, అది మనకు చవక. దాన్ని తెచ్చేవాళ్లకు కాదు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరం పక్కనే ఉన్నాయి. నగరం పెరిగాక అవి చాలలేదు. మంజీర నుంచి, ఆ తరువాత కృష్ణ నుంచి, 2015 నుంచి గోదావరి నుంచి కూడా నీరు తెస్తున్నారు. కృష్ణ నీటిని నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా తోడుకొస్తారు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాదు సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్ల నీటిని 320 మీటర్లు ఎత్తడానికి ఎంత శక్తి కావాలో మీరే లెక్క వేయండి. ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు. గుణిస్తే సుమారు 31 లక్షల జౌళ్లు, యూనిట్లలోకి మార్చితే 0.87. గొట్టాల్లో ఘర్షణ, పంపుల్లో నష్టం కలిపితే ఒక యూనిట్ దాటిపోతుంది. మీ ఇంట్లో కారే కుళాయి నుంచి నీరొక్కటే కాదు, కరెంటు కూడా కారుతోంది.

సరే, మా సమావేశం దగ్గరికి వద్దాం. గొడవ సద్దుమణిగాక ఒక యువకుడు సలహా ఇచ్చాడు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే వాల్వు తెరుద్దామని. చాలా సంఘాలు మొదట చేసే పని ఇదే. మేమూ పది రోజులు చేశాం. వాడకం తగ్గలేదు. ప్రతి ఇంట్లో డ్రమ్ములూ బిందెలూ నిండాయి. మరునాడు తాజా నీళ్లు రాగానే నిన్నటి నీళ్లు పారబోశారు. పైగా గొట్టాలు ఖాళీ అయినప్పుడు, వాటికి ఎక్కడైనా పగులుంటే బయటి మురికి నీరు లోపలికి చేరే ప్రమాదం ఉంది. వేళలు పెట్టడం వల్ల నీటి మీద భయం పెరుగుతుంది, పొదుపు పెరగదు.

అప్పుడు ఒక పరీక్ష చేశాం. ఇది మీరు మీ ఇంట్లోనో, హాస్టల్లోనో పైసా ఖర్చు లేకుండా చేయవచ్చు. రాత్రి పదకొండింటికి ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం ఎక్కడుందో కర్రతో కొలిచి సుద్దముక్కతో గుర్తు పెట్టాం. సంప్‌లో కూడా అలాగే. మోటారు వేయవద్దని వాచ్‌మన్‌కు చెప్పాం. తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ చూశాం. సంప్‌లో తేడా లేదు, అంటే నేలలో పగుళ్లు లేవు. ట్యాంకులో మాత్రం మట్టం పది సెంటీమీటర్లు తగ్గింది. ట్యాంకు నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. నాలుగును మూడుతో, దాన్ని 0.1తో గుణిస్తే 1.2 ఘనపు మీటర్లు, అంటే 1,200 లీటర్లు. అందరూ నిద్రపోతున్న ఆరు గంటల్లో! రాత్రి లేచినవాళ్ల వాడకం కొంత తీసేసినా, ఈ లెక్కన ఇరవై నాలుగు గంటలకు ఒక ట్యాంకరుకు దగ్గరగా పోతున్నట్టే. ఇన్నాళ్లూ ఒకరినొకరు అనుమానించుకున్నాం. ఏ ఇంటివాళ్లూ వాడని నీటికి అందరం డబ్బు కడుతున్నామని ఆ ఉదయం తెలిసింది.

ఎక్కడ పోతోంది? చుక్కలు చుక్కలుగా కారే కుళాయి కాదు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు నాలుగైదు లీటర్లే. కంటికి కనబడుతుంది కాబట్టి దాన్నే తిడతాం. అసలు దొంగ ఫ్లష్ ట్యాంకు. దాని అడుగున ఉండే రబ్బరు వాషర్ అరిగిపోతే నీరు చప్పుడు లేకుండా జారిపోతూనే ఉంటుంది. నిమిషానికి అర లీటరు జారినా రోజుకు 720 లీటర్లు. దీన్ని పట్టుకోవడానికి బట్టలకు వాడే నీలిమందు చాలు. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరూ వాడకుండా ఉంచాలి. కింద బేసిన్‌లో నీలం కనబడితే వాషర్ పోయినట్టు. నలభై ఇళ్లలో ఈ పరీక్ష చేయించాం. ఏడు చోట్ల నీలం దిగింది. అందులో ఒకటి మా ఇంట్లోనే, చుట్టాలు వస్తే తప్ప తెరవని స్నానాల గదిలో. కార్యదర్శిగారి ఇంట్లో! ఆ మాట సమావేశంలో నేనే చెప్పాను, ఇంకొకరు చెప్పేలోగా.

వాషర్లు మార్చడానికి అయిన ఖర్చు ఒక ట్యాంకరు ఖరీదుకు మించలేదు. మొదట కొలవాలి, తరువాత బాగుచేయాలి, ఆ తరువాతే కొత్తవి కొనాలి అని నేను అనడానికి కారణం ఇదే. సామాన్యంగా సంఘాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. ముందు ఇంకో బోరు వేయిస్తాయి. హైదరాబాదు అడుగున ఉన్నది గ్రానైటు. అందులో నీరు చెరువులా నిలిచి ఉండదు, పగుళ్లలో ఉంటుంది. వెయ్యి అడుగులు తవ్వినా పగులు తగలకపోతే దుమ్మే వస్తుంది. తగిలితే అది పక్కింటి బోరుకు అందుతున్న పగులే కావచ్చు.

ఇక మీటర్లు. ఇంటింటికీ మీటరు పెడితే ఎవరి వాడకం వారికి తెలుస్తుంది, ఎవరి బిల్లు వారు కడతారు. వినడానికి సులువు. కాని మన అపార్ట్‌మెంట్లలో గొట్టాల అమరిక దీనికి అడ్డుపడుతుంది. ట్యాంకు నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో గొట్టం రాదు. స్నానాల గదుల వెనక ఉండే షాఫ్టులో నిలువుగా ఒక గొట్టం దిగుతుంది. అన్ని అంతస్తుల స్నానాల గదులకు దాని నుంచే కొమ్మలు. వంటగదులకు ఇంకొకటి. మా ఇళ్లలో ఒక్కోదానికి మూడు చోట్ల నుంచి నీరు వస్తుంది. అంటే నలభై ఇళ్లకు నూట ఇరవై మీటర్లు! మీలో సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఉంటే ఒక్క మాట. రేపు మీరు గీసే నక్షాలో ప్రతి ఇంటికీ ఒకే నీటి ప్రవేశం ఉండేలా చూడండి. కట్టేటప్పుడు దానికయ్యే ఖర్చు కొద్దిపాటిదే. కట్టాక అయితే గోడలు పగలగొట్టాలి.

మీటర్ల వల్ల నిజంగా వాడకం తగ్గుతుందా? అమెరికాలో బహుళ కుటుంబ భవనాల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2004లో వెలువడింది. విడివిడిగా మీటర్లు పెట్టి బిల్లు వేసిన చోట వాడకం సుమారు 15 శాతం తగ్గింది. మీటర్లు లేకుండా, మనుషుల సంఖ్యనో ఇంటి వైశాల్యాన్నో బట్టి బిల్లును సూత్రం ప్రకారం విభజించిన చోట చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. రెండో ఫలితం ముఖ్యమైనది. బిల్లు చేతికి అందితే చాలదు. ఆ అంకె మన కుళాయికి సంబంధించినదై ఉండాలి.

మీటర్లు పెట్టాక ధర ఎలా నిర్ణయించాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. మోటారు కరెంటులో కనీస చార్జీ, ట్యాంకులు కడిగించడం, ప్లంబరు, ఇవన్నీ వాడకాన్ని బట్టి మారవు. తాళం వేసిన ఇల్లు కూడా వీటిలో వాటా కట్టాలి. మిగిలినది మీటరు ప్రకారం. ఎక్కువ వాడితే ఎక్కువ ధర అనే మెట్ల పద్ధతి న్యాయంగానే కనబడుతుంది. కాని మెట్టును ఇంటికి ఇన్ని లీటర్లని పెడితే ఆరుగురున్న ఇల్లు శిక్ష అనుభవిస్తుంది, ఇద్దరున్న ఇల్లు ఎంత వృథా చేసినా మొదటి మెట్టు దాటదు. అందుకని మనిషికి ఇన్ని లీటర్లని పెట్టాం. దానికి మనుషుల లెక్క కావాలి. పొరుగూరి నుంచి వచ్చి మూడు నెలలున్న మేనల్లుడు లెక్కలోకి వస్తాడా? అద్దెకున్నవాళ్లను అందరినీ ఓనరు చూపిస్తాడా? ఇక మంచం మీద ఉన్న అత్తగారి విషయం. జబ్బుపడ్డవారున్న ఇంటికి మొదటి మెట్టులో అదనపు నీరు ఇవ్వాలని తీర్మానించాం. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించింది మొదటి అంతస్తు పెద్దాయనే.

ఇంటింటి మీటర్లతో ఇంకో ఉపయోగం ఉంది. అన్ని ఇళ్ల మీటర్లూ కూడితే వచ్చే మొత్తం, ట్యాంకు దగ్గరి పెద్ద మీటరు చూపే మొత్తం దాదాపు సరిపోవాలి. సరిపోకపోతే మధ్యలో ఎక్కడో కారుతోందని అర్థం.

కుళాయి మూతికి బిగించే ఏరేటర్ల గురించి మీరు వినే ఉంటారు. నీటి ధారలో గాలి కలిపి, తక్కువ నీటితోనే ధార నిండుగా ఉన్నట్టు చేస్తాయి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి వాటిని తప్పనిసరి చేసింది. తాగునీటితో వాహనాలు కడిగితే ఐదువేల రూపాయల జరిమానా అని కూడా ప్రకటించింది. ఏరేటరు మంచిదే గాని ఎక్కడ పెట్టాలో తెలియాలి. చేతులు కడుక్కునే చోట, గిన్నెలు తోమే సింకు దగ్గర పనికొస్తుంది. బకెట్ నింపుకునే కుళాయికి పెడితే ఒరిగేదేమీ లేదు. ఇరవై లీటర్ల బకెట్ ఎలా నింపినా ఇరవై లీటర్లే. నింపడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే.

ఎత్తైన భవనాల్లో ఇంకో సంగతి. పన్నెండు అంతస్తుల భవనంలో ట్యాంకు నీటికీ పై అంతస్తు కుళాయికీ మధ్య నాలుగు మీటర్లు ఉంటే, కింది అంతస్తు కుళాయికి ముప్ఫై ఆరు మీటర్లు ఉంటాయి. టారిచెల్లి సూత్రం ప్రకారం ధార వేగం ఎత్తు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఎత్తు తొమ్మిది రెట్లయితే వేగం మూడు రెట్లు. ఘర్షణను పక్కన పెడితే, అదే కుళాయిని అంతే తిప్పి అంతే సేపు చేతులు కడుక్కున్నా కింది అంతస్తు మనిషి మూడు రెట్ల నీరు వాడతాడు. అది అతని తప్పు కాదు. మధ్య అంతస్తుల్లో పీడనాన్ని తగ్గించే వాల్వులు బిగిస్తే సరిపోతుంది.

వాన నీటి లెక్క చాలా సులువు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఐదు వందల చదరపు మీటర్ల డాబా, సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఆవిరైనదీ మొదటి మురికి నీరూ పోగా ఎనభై శాతం దక్కితే 3 లక్షల 20 వేల లీటర్లు. మన రాష్ట్రంలో 2002 వాల్టా చట్టం, తమిళనాడులో 2003 నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి. అయినా 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తరలించాల్సి వచ్చింది. గుంత తవ్వడం ఒక రోజు పని, దానిలో పేరుకున్న ఒండ్రు తీయించడం ఏటేటా చేయాల్సిన పని. మా ఇంకుడు గుంతను తెరిచి చూస్తే ఎవరో పారేసిన సిమెంటు బస్తాలు బయటపడ్డాయి. శుద్ధి చేసిన మురుగునీటిని ఫ్లష్‌కు వాడే పద్ధతి పెద్ద సముదాయాల్లో ఉంది. మా అంతటి చిన్నవాటికి అది తలకు మించిన ఖర్చు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం చెబుతాను. నీరు తగ్గించుకోవాలని తీర్మానం చేసిన రోజున మా వాళ్లు మొదట కట్టివేసింది ఏ ఇంటి కుళాయో కాదు, కింద పార్కింగులో వాచ్‌మన్ గది పక్కనున్న కుళాయి. అక్కడ అతని కుటుంబం నలుగురు, కార్లు కడిగేవాళ్లు, పనికి వచ్చే ఆడవాళ్లు కాళ్లు చేతులు కడుక్కుంటారు. సమావేశంలో కూర్చునే హక్కు వాళ్లకు లేదు. కుళాయి మళ్లీ తెరిపించడానికి వారం పట్టింది. ఆ వారంలో నా మీద కొంతమందికి కోపం వచ్చింది. దానికి కూడా మీటరు పెట్టించాను. నలుగురున్న ఇళ్లలో దేనికన్నా వాళ్ల వాడకం ఎక్కువ లేదు.

మన పల్లెల్లో ఈ సమస్య కొత్తది కాదు. చెరువు కింద ఎవరి మడికి ఎంతసేపు నీరు వదలాలో చూసే మనిషిని రాయలసీమలో నీరుగంటి అంటారు, తెలంగాణలో నీరడి అంటారు. తూము అతని చేతిలో ఉండేది, అతని కూలి రైతులు ఇచ్చే గింజల్లో ఉండేది. అమెరికాలో ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు 1960లలో లాస్ ఏంజిలస్ ప్రాంతపు భూగర్భజలాలను ఉమ్మడిగా వాడుకునేవారు తమలో తాము ఎలా ఒప్పందాలకు వచ్చారో పరిశీలించి డాక్టరేట్ పొందింది. ఆ తరువాత ఎన్నో దేశాల ఉమ్మడి వనరులను పరిశీలించి 1990లో ఒక పుస్తకం రాసింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాడుకునేవారే నియమాలు చేసుకున్న చోట, వాళ్లకు జవాబుదారీగా ఉండే మనిషి కొలిచిన చోట, తప్పు చేసినవారికి మొదట చిన్న దండన, మళ్లీ చేస్తే కొంచెం పెద్ద దండన ఉన్న చోట ఉమ్మడి వనరులు నిలిచాయని ఆమె చూపింది. అంటే హార్డిన్ చెప్పిన విషాదం తప్పనిసరి కాదు. ఆమె రాసింది చదువుతుంటే నాకు మా తాతగారి ఊరి నీరుగంటి గుర్తుకొచ్చాడు.

మాకు ఇప్పుడు ఒక నీరుగంటి ఉంది. వాచ్‌మన్ కూతురు, తొమ్మిదో తరగతి. రోజూ ఉదయం ఆరింటికి బడికి తయారయ్యే ముందు పెద్ద మీటరు చదివి నోటుబుక్కులో రాస్తుంది. దానికి సంఘం ఆమెకు నెలనెలా కొంత ఇస్తుంది. ఆదివారం సాయంత్రం ఆ వారం గీతపటం గీసి లిఫ్టు పక్కన అంటిస్తుంది. అంకెలు ఎప్పుడూ చూడనివాళ్లు కూడా లిఫ్టు వచ్చేదాకా నిలబడి ఆ గీత ఎటు పోయిందో చూస్తారు. ఒక మంగళవారం గీత ఉన్నట్టుండి పైకి లేచింది. రెండో బ్లాకులో ఫ్లోట్ వాల్వు ఇరుక్కుపోయి ట్యాంకు రాత్రంతా పొంగిందని అదే రోజు పట్టుకోగలిగాం. ఇంకా మూడు ఇళ్లవాళ్లు మీటర్లకు ఒప్పుకోలేదు. టైల్స్ పగులుతాయంటున్నారు. ఆ మూడు ఇళ్లకు ఎంత బిల్లు వేయాలన్నది వచ్చే ఆదివారం సమావేశంలో చర్చకు రానుంది.